మా బడి పిల్లల ఇల్లు ఏ కథలో ఉంది?

నల్లగొండ పంతులమ్మ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. బడి గ్రంథాలయం బాధ్యత కూడా నాదే. గ్రంథాలయం అంటే రెండు ఇనుప బీరువాలు, ఒక రిజిస్టరు. కొత్త పుస్తకాలు కొనడానికి ఈసారి కొంత సొమ్ము వచ్చింది. ఏవి కొనాలో మిమ్మల్ని అడుగుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అంతకంటే ముందు ఒక సంగతి చెప్పాలి.

పదేళ్ళ కిందట మర్రిగూడ వైపు పనిచేశాను. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ వైపు బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. కృష్ణా నీళ్ళు అందకముందు పుట్టి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడే మచ్చ అది, ఎంత తోమినా పోదు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నవ్వు వస్తే చాలు, చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. తరగతి ఫోటో తీసిన రోజు అందరూ పళ్ళు కనబడేలా నవ్వితే తను పెదవులు బిగించి నిలబడింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఒకసారి ఏదో మాసపత్రికలో అలాంటి అమ్మాయి కథ వచ్చింది. అందులోనూ ఆ పిల్ల నోరు మూసుకునే నవ్వుతుంది. కథ చివర పళ్ళు తెల్లబడవు. ఒక స్నేహితురాలు దొరుకుతుంది, అంతే. మా అమ్మాయి ఆ కథను బీరువాకు ఆనుకుని నిలబడి మొదలుపెట్టింది. కాసేపటికి అక్కడే నేల మీద కూర్చుంది. ఇంటికి తీసుకుపోయింది. రిజిస్టరులో వరసగా మూడు వారాలు ఆ పత్రికకు ఎదురుగా తన పేరే ఉంది. తిరిగి ఇస్తూ అడిగింది: "టీచర్, ఇది రాసినవాళ్ళు మన ఊరికి వచ్చారా?"

నాకు జవాబు తెలియలేదు. మరుసటి వారం అవే చారలున్న ఇంకో పిల్లను చెయ్యి పట్టుకుని బీరువా దగ్గరికి తెచ్చింది.

ఇప్పుడు నా దగ్గరున్న పుస్తకాలన్నీ కిందటి నెలలో ఒక్కొక్కటి తిరగేశాను. వాటిలోని పిల్లలకు సొంత గది ఉంటుంది. నాన్న కాఫీ తాగుతూ పేపరు చదువుతాడు. సెలవులకు సముద్రం చూడబోతారు. మా పిల్లల లాంటి పిల్లలున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ నాన్న కూలికి పోతాడంటే తాగుబోతై ఉండాల్సిందే. మా బడిలో కూలికి పోయే నాన్నలు ఎంతమంది పిల్లల్ని సైకిలు మీద దించి పోతారో నేను రోజూ చూస్తాను. ఆ నాన్న ఏ పుస్తకంలో ఉన్నాడో చెప్పండి, అది కొంటాను.

కోస్గి నుంచి

టీచర్ గారూ, మీరు రాసింది చదివాక నిన్న నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెబుతాను.

నేను ఆరో తరగతిలో ఉండగా "వేసవి సెలవులు ఎలా గడిపావు?" అని వ్యాసం రాయమన్నారు. మా అమ్మానాన్నలు కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దసరా దాటగానే పుణె వైపు పనికి పోయేవారు. వానలకు ముందు తిరిగి వచ్చేవారు. బడి ఉన్నన్నాళ్ళు నేను నానమ్మ దగ్గర, సెలవులివ్వగానే నన్నూ అక్కడికే తీసుకుపోయేవారు. ఆ వేసవి అంతా కంకర కలిపే మిషను పక్కన, రెండు గుంజలకు కట్టిన చీర ఉయ్యాలలో మా చెల్లెలిని ఊపుతూ గడిపాను. మిషను ఆగితే చెల్లెలు లేచేది, తిరిగితే నిద్రపోయేది. దానికి ఆ చప్పుడే జోలపాట.

వ్యాసంలో నేను రాసింది మాత్రం ఇది: అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను, మామిడిపళ్ళు తిన్నాను, నదిలో ఈత కొట్టాను.

మా అమ్మమ్మ ఊళ్ళో నది లేదు.

పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. సారు నాచేత తరగతిలో చదివించారు కూడా. వెనుక బెంచీలో ముగ్గురు నాతో పాటే పుణెలో పని దగ్గరి డేరాల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళూ మామిడిపళ్ళే రాశారు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మా వాచకంలో సెలవుల పాఠం అలాగే ఉంది కాబట్టి సెలవులంటే అలాగే రాయాలనుకున్నాం. మా బతుకు రాయదగింది కాదని మాకు ఎవరూ నోటితో చెప్పలేదు. పుస్తకాలే చెప్పాయి.

మిర్యాలగూడ అమ్మ

అన్నా, మీ మాట చదివి నాకూ కడుపులో దేవినట్లయింది. అయినా నా భయం నేను చెప్పుకోవాలి. మా పాపకు తొమ్మిదేళ్ళు. పోయినేడాది ఎవరో ఇచ్చిన పుస్తకంలో పత్తి రైతు చనిపోయే కథ చదివింది. మూడు రాత్రులు వాళ్ళ నాన్న పక్క నుంచి కదలలేదు. "నాన్నా, మనకు అప్పు ఉందా?" అని అడిగింది. ఆయన మొహం చూడలేకపోయాను.

మా ఇళ్ళలో ఉన్న బాధలు చాలవా? పుస్తకంలో కూడా అవేనా? పిల్లలు కాసేపు రెక్కల గుర్రం ఎక్కి ఎక్కడికో పోతే తప్పేమిటి? మా అమ్మ నాకు ఏడు చేపల కథే చెప్పింది. నేనేమీ పాడైపోలేదు.

కస్తూర్బా అక్క, అచ్చంపేట

మిర్యాలగూడ అమ్మ అడిగింది సరైన ప్రశ్న. రెక్కల గుర్రం తప్పు అని ఎవరూ అనకూడదు. ఏడు చేపల కథలోనూ చేప ఎండకపోవడానికి కారణం వెతుకుతూ పోతే గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లవాడు, చీమ అందరూ వస్తారు. అది మన ఇళ్ళ కథే, కాబట్టే నిలిచింది.

నేను కస్తూర్బా బాలికా విద్యాలయంలో పనిచేస్తాను. 2004లో ఈ పథకం వచ్చింది బడి మానేసిన ఆడపిల్లల కోసం. నల్లమల అంచు పల్లెల నుంచి, తండాల నుంచి, చెంచుల గూడేలైన పెంటల నుంచి పిల్లలు వస్తారు. రాత్రి అన్నాలయ్యాక గంటసేపు కథ చదువుకుంటాం. ఒక రోజు బాల్యవివాహం కథ చదివాను. అమ్మాయికి పద్నాలుగేళ్ళు, పెళ్ళి కుదురుస్తారు, పిల్ల ఏడుస్తుంది, సరిగ్గా తాళి కట్టే వేళకు అధికారుల జీపు వచ్చి ఆగుతుంది. పెళ్ళి ఆగిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

మా పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "అక్కా, జీపు రాని ఊళ్ళో ఏం చేయాలి?"

నాకు ఆ రాత్రి తెలిసింది, ఆ కథ ఆమె కోసం రాసింది కాదని. పథకం గొప్పదని చెప్పడానికి రాసింది. ఇంకో ముగింపు మీరే చెప్పండి అన్నాను. వారం పట్టింది. వాళ్ళ కథలో పిల్ల ముందు మేనత్తకు చెబుతుంది, మేనత్త ఒప్పుకోదు. తర్వాత నానమ్మ ఫోను తీసుకుని పశువుల కొట్టంలోకి పోయి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తుంది. మొదటిసారి భయపడి పెట్టేస్తుంది. రెండోసారి మాట్లాడుతుంది. పెళ్ళి ఆగాక నాన్న ఆమెతో నెల రోజులు మాట్లాడడు. అన్నం పళ్ళెం ఆమె ముందు పెట్టి మొహం తిప్పుకుంటాడు. ఆ పళ్ళెం సంగతి ఏ పెద్దవాళ్ళ కథలోనూ నేను చదవలేదు. ఆగిన పెళ్ళి తర్వాత కూడా ఇంట్లోనే బతకాలి కదా! అది తెలిసినవాళ్ళు పిల్లలే.

అమ్మా, మీ పాప మూడు రాత్రులు భయపడిందంటే కథలో సత్యం ఉండడం వల్ల కాకపోవచ్చు. రైతు చనిపోయిన చోటనే కథ ఆపేసి, ఆ ఇంట్లో పిల్లలు మర్నాడు ఎలా లేచారో రాయకపోవడం వల్ల కావచ్చు. ఒకసారి చూడండి.

గ్రంథాలయం సారు, రిటైర్డు

ఈ చర్చలో కొంత పాత సంగతి కలుపుతాను. మన ప్రాంతానికి ఈ బాధ కొత్తది కాదు. నిజాం కాలంలో తెలంగాణలో కవులే లేరని ఒకరు రాశారు. దానికి జవాబుగా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అచ్చులో కనబడకపోతే ఉన్నవాళ్ళను కూడా లేరనేస్తారు. కోస్గి తమ్ముడు ఆరో తరగతిలో పడ్డ అవస్థ అదే.

ఆయనే తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. రాజులు, యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు అని వెతికిన పుస్తకం అది. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. బిజినేపల్లిలో పుట్టిన యశోదారెడ్డి గారు పాలమూరు ఆడవాళ్ళ మాటనే కథగా అచ్చు వేయించారు. మరొక ముచ్చట. ప్రతి వాచకం మొదట్లో ఉండే "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞను 1962లో రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారిది మన నల్లగొండ దగ్గరి అన్నెపర్తి. ఆ పేజీ రోజూ చదివే పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి, నిటారుగా కూర్చుంటారు. నేను చూశాను.

డబ్బు మాట కూడా చెప్పాలి. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అంటే ఊరి గ్రంథాలయం మీ సొమ్ముతో నడిచేదే. పిల్లల పుస్తకాలు ఏవి కావాలో రాసి ఇచ్చే హక్కు మీకుంది. నా ఉద్యోగకాలంలో పోటీ పరీక్షల పుస్తకాల కోసం అర్జీలు కట్టలు కట్టలు వచ్చేవి. పిల్లల కథల కోసం ఒక్కటీ రాలేదు.

తండా బిడ్డ, దేవరకొండ

నేను నర్సింగు చదువుతున్నాను. మాది దేవరకొండ వైపు తండా. మా తండాల గురించి మీరంతా పేపర్లో చదివే ఉంటారు. ఆడపిల్లల్ని అమ్ముకున్నారని, సారా కాచారని. అవి జరగలేదని నేను అనను. కాని చిన్నప్పుడు బడిలో ఎవరైనా మా తండా పేరు ఎత్తితే ఆ వార్తే గుర్తు చేసేవారు. ఒక పిల్ల నన్ను "నిన్నెందుకు అమ్మలేదు?" అని అడిగింది. ఆ పిల్లకు ఏడేళ్ళు, తప్పు ఆమెది కాదు.

నిజం రాయాలి అంటున్నారు కదా, నిజమంటే బాధ ఒక్కటే కాదు. శ్రావణంలో మా తీజ్ పండుగకు పెళ్ళికాని ఆడపిల్లలం బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలక పెంచుతాం. ఎవరి బుట్టలో మొలక ఏపుగా వస్తుందో అని తెల్లవారుజామునే లేచి దొంగతనంగా చూసుకుంటాం. ఒక ఏడాది నేను మా అక్క బుట్టలో నీళ్ళు నా బుట్టలో ఒంపుకున్నాను. అది కథ కాదా? అందులో అసూయ ఉంది, భయం ఉంది, చివరి రోజు బుట్టలు నీళ్ళలో కలిపేటప్పుడు అక్కాచెల్లెళ్ళం పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఉంది. మా లంబాడీల గోర్ భాష మాటలు నాలుగు ఉన్న తెలుగు పిల్లల పుస్తకం నాకు బడిలో దొరికి ఉంటే, మా ఇంట్లో మాట్లాడే భాష సిగ్గుపడేది కాదని పదిహేనేళ్ళకు ముందే తెలిసేది.

మమ్మల్ని చూసి జాలిపడే పుస్తకం కొనకండి టీచర్ గారూ. అది మా పిల్లలు చదివితే తలదించుకుంటారు, వేరే పిల్లలు చదివితే మా వైపు వేలు చూపిస్తారు.

ఇంగ్లీషు లెక్చరర్, మహబూబ్‌నగర్

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో 1965లో నాన్సీ లారిక్ అనే ఆమె మూడేళ్ళలో అచ్చయిన అయిదు వేలకు పైగా పిల్లల పుస్తకాలను పరిశీలించింది. నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి నూటికి 6.7 మాత్రమే. నర్సరీ బడిలో అయిదేళ్ళ నల్లజాతి పాప పుస్తకం చూస్తూ, ఎప్పుడూ తెల్ల పిల్లలే ఎందుకుంటారని అడిగిన ప్రశ్నతో ఆ వ్యాసం మొదలవుతుంది. తర్వాత 1990లో రూడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు పుస్తకం పిల్లలకు తమను చూపే అద్దమూ కావాలి, ఇతరులను చూపే కిటికీ కూడా కావాలి అన్నారు. మిర్యాలగూడ అమ్మ అడిగేది కిటికీ, కోస్గి అన్న అడిగేది అద్దం. తండా చెల్లెలు చెప్పింది ఇంకా లోతైనది. వంకర అద్దం అసలు అద్దం లేకపోవడం కంటే ప్రమాదం.

మన దగ్గర కూడా ఈ పని చేసినవాళ్ళున్నారు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల పిల్లల బాల్యాన్ని కథలుగా రాయించి 2008లో బొమ్మలతో పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల గారు, మహమ్మద్ ఖదీర్‌బాబు గారు అందులో రాశారు. వాటితో మొదలుపెట్టండి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ జాబితాలు కూడా తెప్పించుకోండి. బొమ్మలు చూసి కొనండి. ఇంటి గోడలు, వంటగది, కాళ్ళ చెప్పులు ఎలా గీశారో చూస్తే చాలు, రాసినవాళ్ళు ఆ ఇంట్లో అడుగుపెట్టారో లేదో తెలిసిపోతుంది.

ప్రాథమిక బడి సారు, పాలమూరు

భాష గురించి ఒక్క మాట. పిల్లల కథలో దాహమని రాస్తే అర్థమవుతుంది, దూప అని రాస్తే గొంతు ఎండుతుంది. తొవ్వ, సద్ది, గటక లాంటి మాటలు అచ్చులో కనబడగానే మా మూడో తరగతి పిల్లలు వేలు పెట్టి చూపించి "సార్, ఇది మన మాట" అంటారు. కథ అంతా యాసలో రాయనక్కరలేదు. రాయలేనివాళ్ళు బలవంతాన రాస్తే ఎక్కిరించినట్లుంటుంది. ఉన్నచోట ఉన్న మాటను తీసేయకుండా ఉంటే చాలు.

ఇంకొకటి, చివర నీతి పెట్టిన పుస్తకాలు కొనకండి. 2018లో మా పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు కదా. అది చూసొచ్చిన ఒక పిల్లవాడు నోటుపుస్తకంలో రాసిన కథ ఇంత: "మా తాతకు సెలైన్ పెట్టినప్పుడు కొబ్బరినీళ్ళు తాపారు. చెట్టుకు ఎవరూ తాపలేదు. నేను నా సీసాలో నీళ్ళు పోసి వచ్చాను. తాత రాలేదు, చెట్టు ఉంది." పక్కనే వాళ్ళ అన్న ఎర్ర పెన్నుతో "నీతి: చెట్లను కాపాడాలి" అని రాశాడు. నేను ఆ వాక్యం కొట్టేసి, పిల్లవాడి నాలుగు వాక్యాలూ చార్టు మీద రాయించి గోడకు పెట్టాను.

మిర్యాలగూడ అమ్మ

అచ్చంపేట అక్క చెప్పాక ఆ పత్తి రైతు కథ మళ్ళీ తీసి చదివాను. మీరన్నది నిజమే అక్కా. చివరి పేజీలో చెట్టు, తాడు, ఏడుపు. అంతే. పిల్లలు ఏమయ్యారో లేదు. నిన్న రాత్రి పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తర్వాత ఏమైందో మనం చెప్పుకుందామన్నాను. తనే చెప్పింది. ఆ ఇంట్లో అక్క చెల్లెలికి జడ వేసిందట, ఇద్దరూ బడికి పోయారట, సారు హాజరు పిలిచేటప్పుడు మెల్లగా పిలిచారట. అప్పుల సంగతి వాళ్ళ నాన్న తనే చెప్పాడు. ఎంత ఉందో, ఎవరికి ఇవ్వాలో, ఎలా తీరుస్తున్నామో. నేను అడ్డుపడబోయాను, ఆయన ఆపలేదు. పాప విని, "అయితే సరే" అని తన మంచం మీద పడుకుంది.

తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి అలాంటి పుస్తకం ఇచ్చి పక్కకు పోకూడదన్న మాట మీద మాత్రం నేను ఇప్పటికీ నిలబడతాను. టీచర్ గారూ, రెక్కల గుర్రం పుస్తకాలు కూడా ఒక వరుస ఉంచండి.

నల్లగొండ పంతులమ్మ

ఉంచుతానమ్మా, ఆ వరుస తీయను. మీ మాట ప్రకారమే, బరువైన కథలు చిన్న తరగతులకు ఇంటికి ఇవ్వను, గ్రంథాలయం పీరియడులో నేను కూర్చుని చదివిస్తాను. అన్వేషి పుస్తకాల కోసం రాశాను. పాలమూరు సారూ, ఆ పిల్లవాడి నాలుగు వాక్యాలు మా గోడకూ కావాలి, వాడిని అడిగి పంపండి. దేవరకొండ చెల్లీ, మీ తీజ్ బుట్ట కథ రాసి పంపితే మా పిల్లలచేత బొమ్మలు వేయించి కుట్టి పుస్తకం చేస్తాను. బీరువాలో దానికీ ఒక నంబరు ఇస్తాను.

కోస్గి నుంచి

టీచర్ గారూ, ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా నా వ్యాసం రాశాను. పిల్లలకు చదివి వినిపించండి.

"వేసవి సెలవులు ఎలా గడిపాను: మేము లారీలో పుణె పోయాము. మా డేరా పైన నీలం కవరు ఉండేది. మధ్యాహ్నం దాని కింద అందరం నీలంగా కనబడేవాళ్ళం. అమ్మ తట్ట మోసేది, నాన్న గోడ కట్టేవాడు. నేను చెల్లెలిని ఊపేవాడిని. అక్కడ ఒక తెల్లకుక్క ఉండేది. దానికి నేను రొట్టె పెట్టేవాడిని, అది రాత్రి మా డేరా ముందు పడుకునేది. మా నాన్న కట్టిన మేడ ఏడంతస్తులు. మేము తిరిగి వచ్చేటప్పుడు నేను లారీలోంచి చూశాను. మలుపు తిరిగేదాకా కనబడింది."

నల్లగొండ పంతులమ్మ

ఈ రోజు ఏడో తరగతిలో చదివాను. చదువుతున్నంతసేపు ఎవరూ కదల్లేదు. అయిపోయాక ఇద్దరు పిల్లలు తాము కూడా అలాంటి డేరాలో ఉన్నామని చేతులెత్తారు. ఒక పిల్లవాడు మాత్రం ఒక ప్రశ్న అడిగి రమ్మన్నాడు: కుక్క మీతో వచ్చిందా?

కోస్గి నుంచి

రాలేదు. లారీ ఎక్కనివ్వలేదు. చాలా దూరం వెంట పరుగెత్తింది. ఆ సంగతి రాయకుండా వదిలేశాను. రాస్తానని ఆ బాబుకు చెప్పండి.